నన్ను దొంగను చెయ్యండి

మా వాడు ఆ పాపను మొదటిసారి చూసింది లిఫ్ట్ దగ్గర. అప్పుడు వాడికి ఆరేళ్ళు నిండి రెండు నెలలు. భుజాన బడి బ్యాగు, చేతిలో నేను కొనిచ్చిన మొక్కజొన్న పొత్తు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి ముందు నాలుగు కాళ్ళ అల్యూమినియం వాకర్ ఒకటి బయటికి వచ్చింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్ల, ఆ పిల్ల వెనక చీర కొంగు నడుముకు దోపుకున్న అమ్మమ్మ. పిల్ల మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. అడుగు అడుగుకీ ఒళ్ళంతా ఒక పక్కకి ఊగి మళ్ళీ సర్దుకుంటోంది.

మా వాడు మొక్కజొన్న తినడం ఆపేసి, పార్కింగు అంతా వినపడేలా అడిగాడు. "అమ్మా, ఆ అక్క కాళ్ళు పాడైపోయాయా?"

నాకు ప్రాణం పోయినంత పనైంది. వాడి రెక్క గిల్లి, "ష్! అలా చూడకూడదు, అలా అడక్కూడదు" అంటూ లిఫ్టులోకి లాక్కుపోయాను. వాళ్ళిద్దరి ముఖాల వైపు చూసే ధైర్యం కూడా చెయ్యలేదు. రెండో అంతస్తులో మా తలుపు తాళం తీస్తూ, పెద్ద గండం గడిచిందనుకున్నాను.

మాది తెనాలి వైపు. పెళ్ళయి ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళయింది. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి చంపాపేట్ వైపు వెళ్ళే దారిలో, ఒక సందు చివర మా అపార్ట్‌మెంట్. ఐదంతస్తులు, కింద స్తంభాల మధ్య పార్కింగ్. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక బడిలో చిన్నపిల్లలకు చెప్పిన అనుభవంతో, సాయంత్రాలు మా హాల్లో చాప పరిచి బిల్డింగు పిల్లలు ఎనిమిది మందికి ట్యూషన్ చెప్తుంటాను. పిల్లల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఒక ధీమా ఉండేది.

ఆ ఆదివారం కూరగాయలు తీసుకుని వస్తున్నాను. మా వాడు పార్కింగులో సైకిల్ తొక్కుతున్నాడు. స్తంభాల వెనక నుంచి టక్, టక్ అని వాకర్ చప్పుడు వినపడగానే వాడు సైకిల్ ఆపి, రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పాప వాడి ముందుకొచ్చి ఆగింది. "అమ్మమ్మా, గీ పోరడు నన్ను జూసి కండ్లెందుకు మూసుకుంటుండు?"

మాట కొంచెం ముద్దగా, సాగినట్టుగా వచ్చింది. అయినా ప్రతి అక్షరమూ అర్థమైంది.

మా వాడు చేతులు తియ్యకుండానే జవాబిచ్చాడు. "మా అమ్మ చూడొద్దంది."

అక్కడి నుంచి మాయమైపోదామంటే చేతిలో రెండు సంచులు, వాటిలో ఒక సొరకాయ. అమ్మమ్మ నా వైపు చూసింది. తిట్టబోతోందని సిద్ధపడ్డాను. ఆమె నవ్వింది.

"చూడనియ్యమ్మా. పోరగాండ్లు చూడకుంటే ఇంకెవరు చూస్తరు? అడగనియ్యి గూడ. దానికి నోరుంది, అదే చెప్తది."

"కండ్లు తెరువు" అంది పాప మా వాడితో.

వాడు వేళ్ళ సందులోంచి నా వైపు చూశాడు. నేను తలూపాను. అప్పుడు చేతులు తీసి, ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్న ప్రశ్న మళ్ళీ అడిగాడు. "నీ కాళ్ళు పాడైపోయాయా?"

"పాడు గాలే. నేను మా అమ్మ కడుపులకెళ్ళి తొందరపడి వచ్చిన, ఏడో నెలనే. గందుకే తలకాయకెళ్ళి కాళ్ళకు పోయే వైరు జర లూజున్నది. నేను నడువుమని చెప్తే అవి లేటుగ ఇంటయి."

మా వాడు ఆలోచించాడు. "మా మిక్సీ కూడా అంతే. పైన తడితే తిరుగుద్ది."

"నా కాళ్ళను తడితే నేను నిన్ను తంత."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ తర్వాత అరగంట వాడు వాకర్ పట్టుకుని పార్కింగు చుట్టూ నడిచాడు, ఆమె వాడి సైకిల్ సీటు మీద కూర్చుని ఆపకుండా బెల్లు కొట్టింది. నేనూ అమ్మమ్మా మెట్ల మీద కూర్చున్నాం. వాళ్ళది పెద్ద అంబర్‌పేట్ దాటాక ఒక ఊరు. పాపకు రోజూ కాళ్ళ వ్యాయామం చేయించే సెంటరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందని, తల్లి పని చేసే చీరల దుకాణం కూడా అక్కడేనని, మా బిల్డింగులో మొదటి అంతస్తు కిరాయికి తీసుకున్నారు. తండ్రి క్యాబ్ నడుపుతాడు. పాప అంతకుముందు ఒక బడికి పోయేదట. ఆటల పీరియడ్‌లో పిల్లలంతా మైదానానికి పరిగెత్తితే, ఆమెను క్లాసులో ఆయా దగ్గర కూర్చోబెట్టేవారట.

"ఆయమ్మతోటి దానికి మస్తు దోస్తానా" అంది అమ్మమ్మ. "దాని ఈడు పోరగాండ్లే ఎవరు లేరు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. రేపటి నుంచి పాపను ట్యూషన్‌కు పంపమన్నాను.

ఇక నేను చేసిన అసలు తప్పు చెప్పాలి. గిల్లడం, నోరు మూయించడం తప్పని తెలిసింది కదా, దాన్ని సరిదిద్దుకోవాలనే ఉత్సాహంలో రెండో వైపుకి దూకాను. పాప రావడానికి అరగంట ముందు ఎనిమిది మంది పిల్లలనూ కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"ఒక కొత్త పాప వస్తోంది. ఆమె దేవుడికి చాలా ఇష్టమైన బిడ్డ. అందరూ ఆమెకు సాయం చెయ్యాలి. ఏది అడిగినా ఇచ్చెయ్యాలి. పోట్లాడకూడదు. ఆటల్లో ఆమెనే గెలిపించాలి. సరేనా?"

"సరే ఆంటీ!" అన్నారు అందరూ. నా గొంతు నాకే తియ్యగా వినిపించింది.

మూడో అంతస్తులో తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతి ఉంది. మా పిల్లల గుంపుకు నాయకురాలు. ఏ పనైనా పద్ధతిగా జరగాలి ఆమెకు. మర్నాడే ఒక చార్టు మీద రంగు పెన్సిళ్ళతో 'సాయం డ్యూటీలు' రాసి మా ఫ్రిజ్ మీద అంటించింది. సోమవారం నీళ్ళ సీసా ఎవరు పట్టుకోవాలి, మంగళవారం పుస్తకాలు ఎవరు తియ్యాలి, బుధవారం చెప్పులు ఎవరు విప్పాలి, అన్నీ అందులో ఉన్నాయి. చూసి మురిసిపోయాను. ఫోటో తీసి మా అక్కకు కూడా పంపాను.

మొదటి రోజు పాప రబ్బరు కింద పడితే ఐదుగురు ఒకేసారి దూకారు, ఇద్దరి తలలు ఢీకొన్నాయి. పాపకు తమాషాగా ఉన్నట్టుంది. మర్నాడు పెన్సిల్ పడేసింది. ఆ మర్నాడు స్కేలు, తర్వాత కంపాస్ పెట్టె. పిల్లలు దూకుతూనే ఉన్నారు. ఐదో రోజుకు ఆమె వస్తువులు పడేయడం మానేసింది. ముఖం ముడుచుకుని కూర్చునేది. కొత్త కదా, అలవాటవుతుంది అనుకున్నాను.

ఆరింటికి ట్యూషన్ అయ్యాక అందరూ కిందికి దిగి ఐస్‌పైస్ ఆడేవారు. దొంగ అయినవాళ్ళు స్తంభానికి ముఖం ఆనించి లెక్కపెట్టాలి, మిగతావాళ్ళు కార్ల వెనక, మెట్ల కింద దాక్కోవాలి. పాప కూడా ఆడేది. వాచ్‌మన్ గది పక్కన నిలబడేది, దాక్కున్నట్టు లెక్క. దొంగ ఆమె ముందు నుంచే వెళ్ళిపోయేవాడు, చూడనట్టు. వారం రోజులు అలా గడిచింది. ఎనిమిదో రోజు బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళిన నాకు కింద నుంచి పాప గొంతు వినపడింది.

"వారం సంది ఆడుతున్న. నన్నెందుకు ఒక్కపారి గూడ దొంగను చేస్తలేరు?"

మూడో అంతస్తు అమ్మాయి ఓపిగ్గా వివరించింది. "నువ్వు ఆటలో అరటిపండువి కదా. ఔట్ అవ్వవు. ఆంటీ చెప్పారు."

తర్వాత వాకర్ టక్ టక్‌మంటూ లిఫ్ట్ వైపు పోవడం వినిపించింది, మామూలుగా వినిపించేదానికన్నా గట్టిగా.

మర్నాడు పాప ట్యూషన్‌కు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిల్లలు నా వైపు చూశారు. మా వాడైతే సూటిగానే అడిగాడు. "అమ్మా, అరటిపండుని చెయ్యమన్నది నువ్వేగా?" నేను ఆ మాట అనలేదు. కానీ నేనన్న మాటలకు అర్థం అదే.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర బండి మీద పళ్ళు కొనుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మమ్మ తలుపు తీసింది. పాప నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. సంచి ఆమె ముందు పెట్టాను. ఆమె లోపలికి చూసి, తలెత్తి నా వైపు చూసి, అమ్మమ్మ వైపు తిరిగి కేక పెట్టింది.

"చూడు అమ్మమ్మా, ఆంటీ మల్ల అరటిపండే తెచ్చింది!"

అప్పుడు చూశాను సంచిలోకి. జామకాయలూ బత్తాయిలూ అడుగుకు పోయి, పైన నిగనిగలాడుతూ అరటిపండ్ల హస్తం. అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. పాప కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది గానీ, చివరికి ఆమె కూడా నవ్వేసింది. నేను వాళ్ళ పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

"తప్పు నాదే" అన్నాను. "నీతో ఎలా ఆడాలో వాళ్ళకి నేను తప్పు చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటాను."

పాప పెన్సిల్ పక్కన పెట్టింది. "నన్ను దొంగను చెయ్యాలె. ఔటైతే ఔటనాలె. నేను తొండి ఆడితే నాతోని కొట్లాడాలె. నా సీసా నేనే మోసుకుంట. బరువైతే నేనే అడుగుత. అడగకుంట పట్టుకుంటే గది సాయం గాదు, గుంజుడు."

"ఇంకేమన్నా ఉందా?"

"ఆ చార్టు తీసెయ్యుండ్రి. నా చెప్పులు బుధవారం నాడే ఇప్పాలెనా?"

మర్నాడు ఆ మాటలన్నీ పాపతోనే పిల్లలకు చెప్పించాను. ఈసారి నేను నోరు మెదపలేదు. మూడో అంతస్తు అమ్మాయి లేచి, చార్టు ఫ్రిజ్ మీద నుంచి పీకి, మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. ముఖం చిన్నబోయింది, పాపం. అంత శ్రమపడి రాసింది కదా. కానీ నాయకురాలు నాయకురాలే. నిమిషంలో తేరుకుని, "సరే, అయితే నువ్వు దొంగైనప్పుడు మమ్మల్ని ఎట్ల పట్టుకుంటవు? మేము ఉరుకుతం కద?" అంది.

ఆ ప్రశ్న అడిగే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు. పిల్లలు దాన్ని లెక్కల ప్రశ్నలా తీసుకున్నారు. ఒకడు పాప సైకిల్ మీద కూర్చుంటే తోస్తానన్నాడు. "మల్ల గుంజుడే" అంది పాప. ఇంకొకడు అందరం కుంటుదామన్నాడు. "నేను కుంటుతలేను, నడుస్తున్న" అంది. చివరికి ముట్టుకోనక్కర్లేదు, చూసి పేరు చెప్తే ఔట్ అని తేల్చారు. మెట్లు ఎక్కకూడదు. ఒకసారి దాక్కున్నాక చోటు మారకూడదు.

ఆ సాయంత్రం పాప మొదటిసారి దొంగ అయింది. స్తంభానికి ముఖం ఆనించి ఇరవై దాకా లెక్కపెట్టింది. ఆమె అంకెలు నెమ్మదిగా వస్తాయి కాబట్టి అందరికీ దాక్కోవడానికి బోలెడు సమయం. కానీ ఆట ఐదు నిమిషాలు కాకముందే తగువు. వాకర్ టక్ టక్ వినిపించగానే కారుకు ఆ పక్కన ఉన్నవాళ్ళు ఈ పక్కకు జరిగిపోతున్నారు.

"తొండి! నా సప్పుడు ఇని జరుగుతున్రు!" అంది పాప. "గంట కట్టుకున్న పిల్లి లెక్కున్న నేను. ఎలుకలు ఎట్ల దొరుకుతయి?"

మా వాడు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వాడెందుకు వచ్చాడో నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది. బడికి వేసుకునే తెల్ల సాక్సులు రెండు జతలు తీసుకెళ్ళి, వాకర్ నాలుగు కాళ్ళకూ తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేశాడు. వాకర్ పిల్లిలా నడిచింది. పాప చప్పుడు కాకుండా వెళ్ళి తెల్లకారు వెనక ఒకడిని, నీళ్ళ ట్యాంకు పక్కన ఇద్దరిని పట్టేసింది. ఆమె అరుపులు నాకు రెండో అంతస్తుకు వినపడ్డాయి. బియ్యం కడుగుతూ నవ్వుకున్నాను.

తర్వాత ధబ్బున ఒక చప్పుడు. ఆ వెంటనే పిల్లలందరూ ఒకేసారి "ఆంటీ!" అని కేక.

మధ్యాహ్నం ఎవరో కారు కడిగిన తడి ఇంకా ఆరలేదు. తడి గచ్చు మీద సాక్సులు జారాయి. నేను దిగేసరికి పాప బోర్లా పడి ఉంది, గడ్డం కింద రక్తం. మా వాడు రబ్బరు బ్యాండ్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. పాపను ఎత్తుకుని, అమ్మమ్మను పిలుచుకుని, ఆటోలో చౌరస్తా దగ్గరున్న దవాఖానకు వెళ్ళాం. మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ పాప నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది గానీ ఏడవలేదు. ఆఖరి కుట్టు అయ్యాక మాత్రం అడిగింది. "ఆంటీ, నాలుగో పిల్లగాన్ని గూడ నేను చూసిన. పడేటప్పుడు చూసిన. గది ఔటేనా?"

తిరిగి వచ్చేసరికి పార్కింగులో ఐదారుగురు పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు ఐదో అంతస్తులో ఉంటారు, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయనే మొదలుపెట్టారు.

"ఏందమ్మా ఇదంత? ఆ పిల్లను ఉరికిచ్చుడేంది? రేపు ఏమన్న అయితే ఎవరిది బాధ్యత? రేపటి సంది పార్కింగుల ఆటలు బందు."

ఇంతలో ఆటో దిగి పాప తల్లి వచ్చింది. దుకాణం నుంచి వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు అలాగే ఉంది. అమ్మమ్మ ఒళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి గడ్డం ఎత్తి చూసింది.

"ఎట్ల పడ్డవు బిడ్డా?"

"ఐస్‌పైస్ ఆడుకుంట పడ్డనే. నేను దొంగను."

"ఆడుకుంట పడ్డవా?" తల్లి మళ్ళీ అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "అక్కా, ఎనిమిదేండ్ల సంది మంచం మీదకెళ్ళి పడ్డది, బాత్రూముల పడ్డది, ఎక్సర్‌సైజు చేస్తుంటే పడ్డది. ఆడుకుంట పడుడు గిదే మొదలు." అని ఎడమ మోచెయ్యి చూపించింది. అక్కడ పాత మచ్చ ఒకటి. "గిది నేను దీని ఈడులున్నప్పుడు, కోతికొమ్మచ్చి ఆడంగ. మా అమ్మ నాకు దెబ్బలు గూడ కొట్టింది."

"కొడితే ఆగినవా? మల్ల ఎక్కినవు చెట్టు" అంది అమ్మమ్మ.

నేను అక్కడే ఏడ్చేశాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. భయం దిగిపోయినందుకు కావచ్చు.

అయినా మర్నాడు లిఫ్ట్ పక్కన నోటీసు పడింది: పార్కింగులో ఆటలు నిషేధం. పిల్లలు దాని ముందు వరసగా నిలబడి చదువుకున్నారు. మూడో రోజు సాయంత్రం, గడ్డానికి ప్లాస్టరుతో పాప మా తలుపు కొట్టింది. వెనక మిగతా మంద.

"ఆంటీ, సెక్రటరీ తాత దగ్గరికి పోతున్నం. నువ్వు గూడ రా. కని మాట్లాడకు."

ఐదో అంతస్తులో పెద్దాయన తలుపు తీసి, ఇంత గుంపును చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"తాతా, ఆటలు బందు పెట్టినవంట?" అంది పాప.

"నీ కోసమే బిడ్డా."

"నా కోసమైతే నన్ను అడగాలె గద? వీళ్ళు నాతోని మంచిగ ఆడుడు మొన్ననే మొదలువెట్టిన్రు. ఇగ ఇప్పుడు నా వల్లనే ఆట బందయిందని అందరు నా మీద కోపం చేస్తరు."

ఆయన చూపు కిందికి, వాకర్ కాళ్ళ మీదికి పోయింది. వంగి ఒక కాలు పట్టుకుని తిప్పి చూశారు. "రబ్బరు బుష్షులు పూరా అరిగిపోయినయి గద! పైపు నేలకు తాకుతుంది. గందుకే సప్పుడు." తలెత్తారు. "గీటికి సాక్సులు తొడిగిన ఇంజినీరు ఎవరు?"

మా వాడు నెమ్మదిగా చెయ్యి ఎత్తాడు.

"ఇట్రా. సాక్సు తొడుగుతారార ఎవరన్న? నున్నటి గచ్చు మీద బట్ట జారుతదా, ఆగుతదా? జారనిది ఏంది?"

"రబ్బరు?" అన్నాడు మా వాడు.

"శబాష్."

ఆయన లోపలి నుంచి పనిముట్ల పెట్టె తెచ్చారు. మేమంతా వసారాలో నిలబడి చూస్తుండగా, పాత టైరు ముక్కను గుండ్రంగా కోసి, నాలుగు కాళ్ళకూ బిగించి, మేకుల తలలు లోపలికి పోయేలా కొట్టారు. మా వాడు ఆయన పక్కనే కూర్చుని సుత్తి అందించాడు. పాపను నడిచి చూడమన్నారు. చప్పుడు లేదు, జారడం లేదు. పాప ఆ చివరి దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "తాతా, నువ్వు మస్తు పనోడివి" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

నోటీసు తీసెయ్యలేదు. దాని మీదే పెన్నుతో మార్చి రాశారు: సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు పార్కింగులో కార్లు కడుగుట నిషేధం.

ఆ తర్వాత పాప మా బిల్డింగులో పేరుమోసిన తొండి ఆటగత్తె అయింది. లెక్కపెడుతూ వేళ్ళ సందులోంచి చూస్తుందని అందరికీ తెలుసు, ఎవరూ రుజువు చెయ్యలేకపోయేవారు. ఒక రోజు మా వాడు దాక్కోకుండా పక్కనే నిలబడి పట్టేశాడు.

"చూస్తున్నావ్! నువ్వు దొంగవి!"

"దొంగనే గద నేను! గిప్పుడు నా వంతే!"

మా వాడికి కోపంతో ఏడుపు వచ్చేసింది. ఇద్దరూ చిటికెన వేళ్ళు తగిలించి కటీఫ్ చెప్పుకున్నారు. రెండు రోజులు మాటల్లేవు. ట్యూషన్‌లో ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల. నాకు మనసు ఆగక, వాడిని కూర్చోబెట్టి సారీ చెప్పించబోయాను. అప్పుడే పాపను దిగబెట్టడానికి వచ్చిన అమ్మమ్మ గుమ్మంలోంచే నన్ను ఆపింది.

"జర ఆగమ్మా. వానిదేం తప్పు? అది తొండి ఆడింది, వాడు అలిగిండు. దాని తోటి కటీఫ్ అయినోడు ఇంతవరకు ఎవడు లేడు. రెండు రోజులు అనుభవించనియ్యి."

మూడో రోజు వాళ్ళే కలిసిపోయారు, ఎలాగో నాకు తెలియదు. మూడో అంతస్తు అమ్మాయి మధ్యవర్తిత్వం చేసిందని విన్నాను. కొత్త నియమం కూడా వచ్చింది: దొంగ ఎవరైనా సరే, లెక్కపెట్టేటప్పుడు కళ్ళకు చున్నీ కట్టాలి.

జూన్‌లో పాప మా వాడి బడిలోనే మూడో తరగతిలో చేరింది. క్లాసు మేడ మీద అన్నారు ముందు. మూడో అంతస్తు అమ్మాయి తల్లీ నేనూ పాప తల్లితో కలిసి నాలుగుసార్లు ఆ బడికి తిరిగాక, మూడో తరగతినే కిందికి దించారు. ఆటల పీరియడ్‌లో ఆమె మైదానంలో ఉంటుందా అని మా వాడిని అడిగాను. "ఉంటది. అంపైర్ చేశారు. అందరితో గొడవే" అన్నాడు. ఇంట్లో ఒక భాష, పార్కింగులో ఒక భాష మాట్లాడే వాడికి ఈ మధ్య రెండూ కలిసిపోతున్నాయి.

మొన్న దసరా సెలవుల్లో కోఠీకి వెళ్ళడానికి ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాం. చైతన్యపురిలో ముప్పై ఏళ్ళ యువకుడొకడు ఎక్కాడు. నల్లకళ్ళజోడు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో మడిచే తెల్లకర్ర. ఎక్కీ ఎక్కగానే ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని "ఇటు రా బాబూ, ఇటు" అని సీటు వైపు లాగింది. "వద్దమ్మా, నిలబడతా" అని ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. మా వాడు ఇదంతా శ్రద్ధగా చూశాడు. నా చెయ్యి వదిలేసి ఆయన దగ్గరికి వెళ్ళాడు. గిల్లడానికి నా వేళ్ళు లేచాయి. వాటిని బ్యాగు పట్టీకి చుట్టేశాను.

"అంకుల్, మీకేమన్నా సాయం కావాలా?"

ఆయన గొంతు వచ్చిన వైపు తల వంచాడు. "ఎవరు సార్ మీరు? ఏం సాయం చేస్తరు?"

"అది మీరే చెప్పాలి. వద్దంటే ఊరుకుంటా."

ఆయన నవ్వాడు. "సరే. మూసారాంబాగ్ దాకా బోర్ కొడుతది. ఏదన్నా ముచ్చట చెప్పు."

ముచ్చట్లకు మా వాడి దగ్గర కొదవా? మీకు కళ్ళు ఎప్పటి నుంచి కనపడవు, రంగులు తెలుసా, స్టేషన్ వచ్చిందని ఎలా తెలుస్తుంది, ఫోనులో ఎవరు చేశారో ఎలా చూస్తారు, వరసగా అడిగాడు. ఆయన ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ఫోన్ తీసి మీట నొక్కితే అందులోంచి ఒక గొంతు మహా వేగంగా గడగడా ఏదో చదివింది.

"ఇది ఏ భాష?" అన్నాడు మా వాడు నోరు తెరిచి.

"తెలుగే. జర తొందరల ఉన్నది. మా మేనేజర్ మెసేజ్ అది, నెమ్మదిగ ఇనాలంటే నాకు ఓపిక లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సీటుకు లాగినావిడ కూడా నవ్వింది. మూసారాంబాగ్ వచ్చింది. ఆయన కర్ర విప్పుకుని, దారి తడుముకుంటూ దిగాడు. మా వాడు అద్దం దగ్గరికి పరిగెత్తి చెయ్యి ఊపసాగాడు. నాలుగైదుసార్లు ఊపాక వాడికి అనుమానం వచ్చింది. తలుపులు మూసుకునేలోపు బయటికి తల పెట్టి గట్టిగా అరిచాడు.

"అంకుల్! నేను చెయ్యి ఊపుతున్నా!"

ప్లాట్‌ఫారం మీద ఆయన ఆగి, వెనక్కి తిరిగి, తెల్లకర్ర ఉన్న చెయ్యి పైకెత్తి పెద్దగా ఊపాడు. మా డబ్బా వైపు కాదు, పక్క డబ్బా వైపు. ఆ డబ్బాలో వాళ్ళెవరో తిరిగి చేతులు ఊపడం రైలు కదులుతుంటే నాకు కనిపించింది.